చెవికి మూత



కంటికి రెప్ప ఉంది. నోటికి పెదవులున్నాయి. చెవికి మాత్రం మూత లేదు. అందుకే గాఢనిద్రలో ఉన్నా పసిబిడ్డ ఏడుపు తల్లికి వినబడుతుంది. ఆ లేని మూతను మనిషి తానే తయారుచేసుకున్నాడు. అదే వాక్‌మన్ కథ.

1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును లోకానికి పరిచయం చేసింది. ఆ తరువాత జపానులో సోనీ సంస్థ విలేఖరుల కోసం ప్రెస్‌మన్ అనే చిన్న టేపురికార్డరును తయారుచేసింది. ఎదుటివారి మాటను భద్రపరచడం దాని పని. అందులోనుంచి రికార్డు చేసే భాగాన్ని, స్పీకరును తీసివేసి, స్టీరియో సంగీతం వినేలా మార్చి, 1979 జూలై 1న వాక్‌మన్ పేరుతో అమ్మకానికి పెట్టారు.

మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినేలా హెడ్‌ఫోను పిన్నులు గుచ్చే రంధ్రాలు రెండు ఉండేవి. నారింజ రంగు మీట ఒకటి ఉండేది. దాన్ని నొక్కితే పాట తగ్గి, మైకు ద్వారా పక్కవారి మాట చెవిన పడేది. సంస్థ అధిపతి అకియో మొరిటా ఆ యంత్రాన్ని ఇంట్లో వింటుంటే, తనను దూరం పెట్టినట్లుందని భార్య చిన్నబుచ్చుకున్నారట. ఒక్కరే వినడం మర్యాద కాదని ఆయనా భావించారు. కాని కొన్నవారు పంచుకోలేదు. ఎవరిది వారు కొనుక్కున్నారు. క్రమంగా ఆ మీట పోయింది. చాలా నమూనాల్లో రెండవ రంధ్రమూ పోయింది.

ఇందులో తప్పెవరిది? తయారీదారు ఎవరినీ బలవంతపెట్టలేదు. జనం స్వేచ్ఛగానే ఎన్నుకున్నారు. అయితే స్వేచ్ఛగా ఎన్నుకున్నదల్లా మంచిదవుతుందా? చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడంవల్ల మన గుణం ఏర్పడుతుందని అరిస్టాటిల్ బోధించాడు.

హెడ్‌ఫోను చెడ్డదని నేననను. కిక్కిరిసిన రైలుపెట్టెలో మన పాటను నలుగురి నెత్తిన రుద్దకపోవడం సంస్కారమే. ఏకాంతమూ మనిషికి అవసరమే. పుస్తకం చదివేవాడూ ఒంటరివాడే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని పిలిస్తే అతనికి వినబడుతుంది. పలకాలో వద్దో అతడు నిర్ణయించుకోవాలి. చెవులు మూసుకున్నవానికి పిలుపే చేరదు. విని కూడా పలకనివానిని మనస్సాక్షి నిలదీస్తుంది. వినబడకుండా ముందే ఏర్పాటు చేసుకున్నవానికి ఆ బాధ కూడా ఉండదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

2010లో సోనీ జపాను మార్కెట్టుకు క్యాసెట్టు వాక్‌మన్‌ను పంపడం మానివేసింది. అలవాటు మాత్రం ఆగలేదు, సెల్‌ఫోనులోకి మారింది. మంచంపట్టిన పెద్దవారు మంచినీళ్ళకోసం రెండుసార్లు పిలిచి, ఇక ఊరకుండిపోయే ఇళ్ళు మన చుట్టూ లేవా?

ఆ నారింజ మీటను యంత్రంనుంచి తీసివేశారు. దాని పని మాత్రం మనమీదనే ఉంది. ఇంట్లో మరొకరు ఉన్నంతసేపు ఒక చెవినైనా ఖాళీగా ఉంచుదాం.