చాలన్న బిడ్డ

2017 జనవరిలో సిస్టైన్ ప్రార్థనాలయంలో జ్ఞానస్నానాలిస్తూ నాటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు, ఆకలికి ఏడ్చే బిడ్డలకు అక్కడే పాలివ్వమని తల్లులతో అన్నారు. మరియతల్లి యేసుకు పాలిచ్చింది కదా!

రొమ్ము తాగే బిడ్డ కడుపు నిండగానే తనే నోరు తీసేస్తుంది. సీసా పట్టిన మనమో, అడుగున మిగిలినవీ పట్టించందే వదలం. చాలన్న ప్రతిసారీ బలవంతం చేస్తే, చాలనడమే అది మరచిపోతుంది. పెద్దయ్యాక స్థూలకాయానికి అదీ ఒక దారి.

ఆరు నెలలదాకా తల్లిపాలే; నీళ్లూ వద్దు. తరువాత మెత్తని పప్పన్నం పెడుతూ రెండేళ్లదాకా, ఆపైనా పాలివ్వవచ్చు. మక్కబీయుల రెండవ గ్రంథంలో విశ్వాసం కోసం ఏడుగురు కొడుకులను అర్పించిన తల్లి, చిన్నవాడికి మూడేళ్లు పాలిచ్చింది.

పాలు పడని తల్లిని మాత్రం నిందించకండి. బిడ్డ ముఖం తిప్పితే సీసా దించమనండి, అంతే. జ్ఞానస్నాన విందులో పసినాలుకకు కేకు క్రీము రాసే మేనత్తలూ, రెండేళ్లు ఆగండమ్మా!