దయ్యం సాక్ష్యం

అపరాధ పరిశోధన నవలను మన విమర్శకులు సాహిత్యంగా లెక్కించరు. అందులో హాస్యం, ఆపైన దయ్యం కూడా చేరితే ఇక చెప్పనక్కరలేదు, పంక్తిలో ఆకైనా వెయ్యరు. నేను అలాంటి నవలను గురించే రాయబోతున్నాను. అది ఉత్తమ సాహిత్యమని నిరూపించడం నా ఉద్దేశం కాదు. పెద్ద పెద్ద తత్త్వగ్రంథాలు పక్కకు తప్పుకుపోయే నైతిక సమస్యనొకదాన్ని ఈ చవకరకం నవల, తెలిసో తెలియకో, నెత్తికెత్తుకున్నది. ఫలానావాడు హంతకుడని నాకు తెలుసు. ఎలా తెలిసిందో నలుగురికీ చూపించలేను. అప్పుడు నేను చెయ్యవలసిందేమిటి?

1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకు పది నిబంధనలు రాశాడు. అతీతశక్తులను కథలోకి రానివ్వరాదన్నది అందులో రెండవది. నాక్స్ కేథలిక్ మతాచార్యుడు. పరలోకాన్ని గురించి ప్రసంగించడమే వృత్తిగా గల మనిషి, నేరం తేల్చే చోట మాత్రం పరలోకాన్ని గడప దాటనివ్వలేదు. కారణం లేకపోలేదు. డిటెక్టివుకు దొరికిన ప్రతి ఆనవాలూ పాఠకుడికీ దొరకాలి. సిగరెట్టు పీక, ఆగిపోయిన గడియారం, వానలో తడవని గొడుగు - అన్నీ ఇద్దరి ముందూ పరిచి ఉంటాయి. డిటెక్టివు ఆలోచించి గెలవాలి గాని వరం పొంది గెలవకూడదు. ఆస్తిపరుల సొమ్ముకు కాపలా కాసే సాహిత్యమని మనం ఈ నవలలను తిడుతూ వచ్చాం. ఆ తిట్టు చాలావరకు న్యాయమే. అయినా ఈ ఒడంబడిక మాత్రం ప్రజాస్వామికమైనది. ప్రభువు మాటనూ పనిమనిషి మాటనూ ఒకే తక్కెడలో వేస్తానని, కనీసం కాగితం మీద, ఒప్పుకున్నది. 1931లో అగాథా క్రిస్టీ ‘ది సిట్టాఫర్డ్ మిస్టరీ’లో ఆత్మలను పిలిచే బల్ల ఒకటి పెట్టి, దానిచేతనే హత్యవార్త చెప్పించింది. కాని ఆ బల్లను కదిపిన చెయ్యి మనిషిదేనని చివరికి తేలుతుంది.

ఇప్పుడు ఆ నిబంధనను పట్టించుకునేవాళ్ళు తక్కువ. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ‘కోజీ’ అనే తరహా నవలలు కొన్ని దశాబ్దాలుగా కుప్పతెప్పలుగా వస్తున్నాయి. కోజీ అంటే చలిలో దుప్పటి కప్పుకున్నంత హాయి. చిన్న ఊరు, టీ, కేకు, ఒక పిల్లి, ఒక శవం. నెత్తురు కనిపించదు. పరిశోధించేది పోలీసు కాదు, చిన్న కొట్టు నడుపుకునే ఏ ఆడమనిషో. వీటిలో ఒక శాఖలో ఆ మనిషికి దయ్యాలు కనిపిస్తాయి. ఆలిస్ కింబర్లీ అనే కలంపేరుతో భార్యాభర్తలిద్దరు రాసిన ‘ది గోస్ట్ అండ్ మిసెస్ మెక్‌క్లూర్’ (2004) ఈ కోవలోది. పెనలపీకి భర్త పోయాడు. చిన్న కొడుకుతో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక కల్పిత పట్టణం చేరి పుస్తకాల షాపు చూసుకుంటున్నది. 1940లలో ఆ భవనంలోనే హత్యకు గురైన జాక్ షెపర్డ్ అనే ప్రైవేటు డిటెక్టివు దయ్యమై అక్కడే ఉన్నాడు. జాక్‌ను నమూనాగా పెట్టుకుని నవలలు రాసి పేరూ డబ్బూ గడించిన రచయిత ఒకడు ఆ షాపులో పాఠకులతో మాట్లాడుతూ కుప్పకూలి చస్తాడు. (తన బతుకు అమ్ముకుని ఇంకొకడు మేడలు కడితే దయ్యానికి మాత్రం ఒళ్ళు మండదా? రాయల్టీ కోసం ప్రచురణకర్తల మెట్లెక్కి దిగిన మన రచయితలకు ఈ దయ్యం తొందరగా అర్థమవుతాడు.)

ఈ కథలో దయ్యం మాట పెనలపీకి తప్ప ఎవరికీ వినిపించదు. నలుగురిలో ఉండగా ఆమె గాలితో వాదిస్తుంది, చూసేవాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. హాస్యమంతా ఇక్కడిదే. కాని నీతి కూడా ఇక్కడే ఉన్నది. దయ్యానికి అనుభవం ఉన్నది గాని చేతులు లేవు, కోర్టు బోనెక్కి ప్రమాణం చెయ్యలేడు. అతడిచ్చిన సలహా ఎంత గొప్పదైనా, పెనలపీ దాన్ని పదిమందీ పట్టి చూడగల ఆధారంగా మార్చుకు రావాలి. అంటే ఆమె తిరగాలి, అడగాలి, పొరపడాలి. తలుపు ముందు నుంచి తోసేసిన నాక్స్ నిబంధన దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చి కూర్చున్నది.

మన ప్రాచీనులకు ఈ తగవు తెలియనిది కాదు. నైయాయికులు యోగిప్రత్యక్షాన్ని ఒప్పుకున్నారు, అంటే సామాన్యుడికి అందనిది యోగికి కనబడుతుందన్నారు. చార్వాకుడు నవ్వాడంటే ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమేమంటే, వేదాన్ని తలకెత్తుకున్న మీమాంసకులు కూడా దాన్ని కాదన్నారు. ఒక్కడికి మాత్రమే కనబడేదాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటే, ఆ ఒక్కడు చెప్పిందల్లా ధర్మమై కూర్చుంటుంది. బాబాల చుట్టూ చేరిన మంత్రులను చూసిన తరం మనది, ఈ ప్రమాదాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే మన ఇల్లు కూడా ఊడ్చుకోవాలి. 1936 మాస్కో విచారణలో గోల్ట్స్‌మన్ అనే ముద్దాయి, 1932లో కోపెన్‌హేగన్‌లోని బ్రిస్టల్ హోటల్లో ట్రాట్‌స్కీ కొడుకును కలుసుకున్నానని ఒప్పుకున్నాడు. ఆ హోటలు 1917లోనే మూతపడింది! ముద్దాయి ఒప్పుకోలు తప్ప వేరే ఆధారం అక్కరలేదనుకున్న న్యాయస్థానానికి లేని హోటలు కూడా కనిపించింది. ఇంతకంటే పెద్ద దయ్యాన్ని ఏ కోజీ నవలలోనూ చూడలేదు. భౌతికవాదులమని చెప్పుకున్నవాళ్ళే “వీడు శత్రువని మాకు తెలుసు” అన్న మాటను ఆధారం లేకుండా నమ్మి మనుషులను చంపించారు. దయ్యాలను నమ్మకపోయినంత మాత్రాన దయ్యం సాక్ష్యం మీద తీర్పులు చెప్పకుండా ఉంటామనుకోవడం భ్రమ.

ఇక్కడ హాస్యం చేసే ఉపకారం ఒకటున్నది. ‘కన్యాశుల్కం’లో దొంగ పెళ్ళికూతురు మాయమవుతుంది. ఆ పెళ్ళికూతురు ఆడపిల్లే కాదు, కరటకశాస్త్రి శిష్యుడు. ఎవరూ చావలేదు, అయినా లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు లేస్తుంది. పూజారి గవరయ్య మాత్రం దయ్యాన్ని సీసాలో బిగించానంటాడు. బిరడాను గౌరవించే చోటనే ఆ సీసాకు బలం. అది చూసి ప్రేక్షకుడు నవ్వాడో, గవరయ్య అధికారం అక్కడితో సరి. పెనలపీ దయ్యం అలాంటిదే: చతుర్లు ఆడుతుంది, విసుక్కుంటుంది, దానికి ఎవరూ దండం పెట్టరు.

ఇంతవరకూ వాదం సాఫీగానే నడిచింది. కాని దీనికొక గట్టి ఎదురు వాదం ఉన్నది, దాన్ని మన హేతువాదులు తరచు దాటవేస్తారు. పదిమందికీ చూపించగలిగిందే సాక్ష్యమంటే, చూపించే అవకాశమే లేనివాళ్ళ గతేమిటి?

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం గ్రీన్‌బ్రయర్ కౌంటీలో 1897 జనవరి 23న జోనా అనే యువతి ఇంట్లో చచ్చిపడి ఉన్నది. అంతకు మూడు నెలల ముందే ట్రౌట్ షూ అనే కమ్మరితో ఆమెకు పెళ్ళయింది. డాక్టరు వచ్చేలోగా భర్తే శవానికి పైదాకా కాలరున్న గౌను తొడిగాడు. తల దగ్గర నుంచి కదలలేదు, మెడ చూడబోతే అడ్డుపడ్డాడు. డాక్టరు పైపైన చూసి సహజ మరణమని తేల్చి వెళ్ళిపోయాడు. ఊరంతా సరే అన్నది. తల్లి మేరీ జేన్ హీస్టర్ ఒప్పుకోలేదు. ఆమెకు అల్లుడి మీద అనుమానం. కాని పల్లెటూరి ఆడదాని అనుమానానికి విలువేమిటి? కూతురు నాలుగు రాత్రులు వరసగా కనబడి, భర్త తన మెడ విరిచాడని చెప్పిందని ఆమె ప్రాసిక్యూటరు ప్రెస్టన్ దగ్గరికి వెళ్ళింది. ప్రెస్టన్ దయ్యాన్ని నమ్మాడో లేదో గాని, డాక్టరును పిలిచి అడిగాడు. పరీక్ష సరిగా చెయ్యలేదని డాక్టరు ఒప్పుకున్నాడు. ఫిబ్రవరిలో శవాన్ని తవ్వి తీశారు. మెడ విరిగి ఉన్నది. గొంతు మీద వేళ్ళ గుర్తులున్నాయి.

విచారణలో ప్రాసిక్యూటరు తల్లిని దయ్యం గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగింది ముద్దాయి తరఫు వకీలు. ఆమెను పిచ్చిదాని కింద జమకట్టి నవ్వులపాలు చెయ్యాలని అతని ఎత్తు. అది కలే కదా అని ఎన్ని విధాల గుచ్చినా ఆమె బెసగలేదు. జూలైలో జ్యూరీ షూను దోషి అన్నది. యావజ్జీవ శిక్ష పడింది. 1900లో జైల్లోనే చచ్చాడు.

దీన్ని మూఢనమ్మకం విజయమని కొందరు చెప్పుకుంటారు. శిక్ష వేయించింది మాత్రం విరిగిన మెడ. కాని ఆ మెడను ఎవరూ చూడకుండా పూడ్చిపెట్టిన సమాజంలో, గోరీ తవ్వించడానికి తల్లి మాట చాలలేదు, చచ్చిన కూతురు రావలసి వచ్చింది. మన ఊళ్ళలో పూనకం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అమ్మవారు ఒంటిమీదికి వచ్చిన కోడలు అత్తమామలను పేరుపెట్టి నిలదీస్తుంది, ఊరి పెద్దను “ఒరే” అంటుంది, అందరూ చేతులు కట్టుకుని వింటారు. పూనకం దిగిన మరుక్షణం ఆమె మళ్ళీ అంట్లగిన్నెల దగ్గరికి పోతుంది. చెప్పిన మాట ఆమెదే, విన్నది మాత్రం అమ్మవారి మాటగా. కనుక దయ్యం సాక్ష్యాన్ని కొట్టివేసే ముందు, ఆ మాట దయ్యం నోట ఎందుకు పలకవలసి వచ్చిందో అడగాలి. హీస్టరు అనుమానాన్ని అనుమానంగానే వినే డాక్టరుంటే ఆ నాలుగు రాత్రుల అవసరమే లేదు.

అలాగని దయ్యం ఎప్పుడూ బలహీనుడి పక్షమే అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో క్యాంబెల్‌టౌన్ దగ్గర 1826లో ఫ్రెడరిక్ ఫిషర్ అనే రైతు మాయమయ్యాడు. ఇంగ్లండు వెళ్ళిపోయాడని పొరుగువాడు వొరల్ చెప్పి, అతని సొత్తు అమ్మబోయాడు. కంచె మీద నెత్తురు మరకలు కనిపించాక, అడుగుజాడలు పట్టడంలో ఆరితేరిన ఒక ఆదివాసిని పోలీసులు పిలిపించారు. అతడు మరకల నుంచి మడుగు దాకా నడిచి, నీటి మీది తెట్టు వాసన చూసి, అది తెల్లమనిషి కొవ్వని చెప్పి, తవ్వవలసిన చోటు చూపించాడు. శవం దొరికింది. 1827లో వొరల్‌ను ఉరితీశారు. విచారణలో దయ్యం మాటే లేదు. తరువాత కొన్నేళ్ళకు కథ పుట్టింది: ఫిషర్ దయ్యం కంచె మీద కూర్చుని, శవం ఉన్న చోటు వేలితో చూపించిందట. చూసినవాడు ఫార్లీ అనే తెల్ల రైతు.

ఆదివాసి కళ్ళూ ముక్కూ తరతరాల చదువూ చేసిన పనిని దయ్యం వేలు ఎగరేసుకుపోయింది. ఆ ఊళ్ళో 1956 నుంచి ఫిషర్ దయ్యం పేరిట ఏటా ఉత్సవం జరుపుతున్నారు.