ఎక్కువ తీసుకున్న సొమ్ము ఎవరిది?

న్యాయమైన ధరకు మించి వసూలు చేసిన సొమ్ము ఎవరికి చెందుతుందన్నది ధర్మశాస్త్రాలు చాలాకాలంగా తర్కిస్తున్న ప్రశ్న. అమ్మినవాడు కన్నం వేయలేదు. కొన్నవాడు తన చేత్తోనే డబ్బిచ్చాడు. అయినా ఇద్దరి మధ్యా ఒక బాకీ మిగిలిపోతుంది. అది శిక్షతో తీరుతుందా, సొమ్ము తిరిగిస్తేనే తీరుతుందా అన్న దగ్గరే సంప్రదాయాలు వేరుపడ్డాయి.

కౌటిల్యుడి అర్థశాస్త్రం కంటకశోధనాధికరణంలో వర్తకుల లాభానికి హద్దు గీసింది: స్వదేశపు సరుకు మీద నూటికి 5, పరదేశపు సరుకు మీద నూటికి 10. దానికి మించి వంద పణాలకు అయిదు పణాలు అదనంగా గుంజితే 200 పణాల దండం. దండం రాజుకు చేరుతుంది. ఎక్కువ చెల్లించిన గృహస్థుకు ఏమి దక్కాలో ఆ సూత్రం చెప్పదు. వర్తకుణ్ణి రాజ్యానికి ముల్లుగా చూసిన దృష్టి అది. ముల్లు తీయడమే దాని పని.

యూదు ధర్మశాస్త్రం కొన్నవాడి వైపు నుంచి ఆలోచించింది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహిత, ధరలో ఆరో వంతు తేడాను గీటురాయిగా పెట్టింది. దాని మీద చర్చల సంకలనమైన తాల్ముద్‌లో తర్వాతి పండితులు స్థిరపరచిన ప్రకారం తేడా ఆరో వంతుకు తక్కువైతే బేరం నిలుస్తుంది. సరిగ్గా ఆరో వంతైతే అదనపు సొమ్ము వాపసు ఇవ్వాలి. మించితే బేరమే చెల్లదు. కొన్నవాడు సరుకును మరో వర్తకుడికో బంధువుకో చూపించి ధర కనుక్కునేంత వ్యవధి దాటితే అడిగే హక్కు పోతుంది. లోద్ పట్టణంలో రబ్బీ టార్ఫోన్ హద్దును మూడో వంతుకు పెంచితే వర్తకులు సంబరపడ్డారు. వాపసు అడగడానికి రోజంతా గడువుంటుందని ఆయన చెప్పగానే పాత నియమమే చాలన్నారు. హద్దు ఎంత ఉండాలన్నదానికంటే, నష్టపోయినవాడికి అడిగే సమయం ఎంత దొరుకుతుందన్నదే వాళ్లకు ముఖ్యమైంది. ఈ చిన్న ఉదంతం పరిహార న్యాయపు గుట్టు విప్పుతుంది.

పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ మరింత కఠినంగా మాట్లాడాడు. రోమన్ న్యాయం తేడా సరైన ధరలో సగం దాటితేనే జోక్యం చేసుకునేది. చట్టం వదిలేసిన తేడాను దైవధర్మం వదలదని, అది గణనీయంగా ఉంటే తిరిగి ఇవ్వాల్సిందేనని ఆయన వాదన.

భారతీయ వినియోగదారుల చట్టం సరైన ధర ఏదన్న చర్చలోకి దిగదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చట్టం నిర్ణయించిన ధర, ప్యాకెట్ మీది ధర, ధరల పట్టికలోని ధర, ఇరుపక్షాలూ ఒప్పుకున్న ధర – వీటిలో దేన్ని మించి వసూలు చేసినా ఫిర్యాదు చేయవచ్చు. నాలుగూ బేరానికి ముందే తెలిసిన అంకెలు. అంటే ఇక్కడ నేరం అత్యాశ కాదు, మాట తప్పడం. ఇరవై రూపాయలు చేసే వస్తువు మీద తయారీదారుడే వంద అని ముద్రిస్తే ఈ నిబంధన ఏమీ చేయలేదు. మిష్నా అయితే పట్టుకునేది. ఇది చిన్న లోపం కాదు.

వాపసు విషయంలో మాత్రం చట్టం మిష్నా దారే పట్టింది. జిల్లా వినియోగదారుల కమిషన్ సొమ్ము తిరిగి ఇప్పించవచ్చు, పరిహారం విధించవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. లోద్ వర్తకులు దీన్ని ఊహించి కూడా ఉండరు.

చిక్కంతా తలా రెండు రూపాయలు పోగొట్టుకున్న వేలమందితోనే. వాళ్లెవరో తెలియనప్పుడు ఎవరికి ఇవ్వాలి? జనం సొమ్ము దోచినవాడి పశ్చాత్తాపం కష్టమైనదని తాల్ముద్ ఒప్పుకుంటూనే దారి చూపింది: ఎవరిదో తెలియని సొమ్ముతో బావులు తవ్వించాలి, నష్టపోయినవాళ్లూ ఆ నీళ్లు తాగుతారు. పేదలకు పంచాలన్నాడు అక్వినాస్. 2019 చట్టంలోని 39వ సెక్షన్ కూడా ఈ చిక్కును గుర్తించింది. గుర్తుపట్టడం కష్టమైనంత మంది నష్టపోతే కమిషన్ ఒక మొత్తం కట్టించవచ్చు; అది అమ్మిన లోపభూయిష్టమైన వస్తువుల లేదా అందించిన సేవల విలువలో 25 శాతానికి తగ్గకూడదు. దాన్ని నియమాల్లో సూచించిన విధంగా వినియోగించాలి. ఆ వినియోగం నష్టపోయిన జనానికి అందుబాటులో ఉంటేనే అది వాపసు. లేకపోతే కౌటిల్యుడి దండమే.