వింటికంటె విలుకాడు మిన్న

లోకమున బలము అందరికి నొక్క పాలుగా లభింపదు. ఒకడు తాటిమాను వలె పొడవై, ఏనుగువంటి భుజబలముతో పుట్టును. వేరొకడు బక్కపలుచగా పుట్టును. ఇద్దరికి నొకే వింటిని చేతికిచ్చి సమానముగా చూచితిమనుట న్యాయమగునా? లేక బలవంతుడు కోరినంత బలమైన వింటిని చేసి యిచ్చుటయే న్యాయమా? ఇది విల్లు చేయువాని కెదురగు ప్రశ్న. కొంచె మాలోచించినచో, బిడ్డకు సంపద నిచ్చు తండ్రికిని, శిష్యునకు విద్య నిచ్చు గురువునకును, సేవకునకు అధికారము నిచ్చు ప్రభువునకును ఇదియే ప్రశ్న. ఒకని చేతికి శక్తి నందించు ప్రతివాడును ధనుష్కారుడే.

కౌటిల్యుని అర్థశాస్త్రమున కొలతలు చెప్పు ప్రకరణములో ఒక విశేషము కలదు. 24 అంగుళములు ఒక అరత్ని. నాలుగు అరత్నులు, అనగా 96 అంగుళములు ఒక దండము. ఆ దండమునకే ధనుస్సనియు, పౌరుషమనియు పేర్లు. పౌరుషమనగా పురుష ప్రమాణము. విల్లును, మనిషియు ఒకే కొలతకు రెండు పేర్లైనవి. అగ్నిపురాణము నాలుగు మూరల విల్లు శ్రేష్ఠమనియు, మూడున్నర మూరలది మధ్యమమనియు, మూడు మూరలది కనిష్ఠమనియు విభజించినది. సుందరకాండమున హనుమంతుడు సీతమ్మకు రామచంద్రుని దేహలక్షణములు వర్ణించుచు నాలుగు కిష్కువుల పొడవరియని చెప్పెను. కిష్కువనగా మూరయని వ్యాఖ్యాతల మాట. ఉత్తమ పురుషుడెంతయో ఉత్తమ ధనుస్సు నంతయే.

అట్లైన సామాన్య ప్రమాణమును మించిన ఆజానుబాహువు సంగతి యేమి? ఇచ్చట వైద్యశాస్త్ర మొక దారి చూపుచున్నది. చరకుడు మనిషి దేహము 84 అంగుళముల పొడవనెను. ఆ అంగుళములు ఎవరివి వారివే. స్వాంగుళముతో కొలిచిన పొడవరి పొడవును, పొట్టివాని పొడవును ఒక్క లెక్కకే వచ్చును. శాస్త్రము మారలేదు, కొలిచెడి వ్రేలు మారినది. ధర్మమును ఇట్టిదే. అది అందరికిని ఒక్కటే, కాని ఎవని వ్రేలితో వాడు కొలుచుకొనవలెను.

పొట్టివానికై చేసిన వింటిని దీర్ఘబాహువు చెవిదాక లాగినచో, వింటికొమ్ములు తమ కోర్వదగిన వంపును దాటి విరుగును. కావున అతనికి విల్లు పొడుగుగా నుండవలెను. అతడు బలవంతుడు గదాయని వట్టి మందము పెంచిన చాలదు. మందము రెట్టించినచో బిరుసు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లగును. వెడల్పు రెట్టించినచో రెండు రెట్లే అగును. అందుచే నేర్పరియైన పనివాడు మొదట పొడవు చూచును, పిదప వెడల్పు చూచును, మందము కడ మాత్రము గోటి అంచంత పలుచగా చివ్వుచు, రెండు కొమ్ములును సమముగా వంగుచున్నవో లేదో మాటిమాటికి పరీక్షించును. చివ్విన పేడు మరల అతుకదు. ఒకసారి ఇచ్చిన శక్తియు అట్లే, మరల పుచ్చుకొనుటకు వీలుపడదు.

వసిష్ఠుని పేర వెలసిన ధనుర్వేదము వింటికి తగిన వెదురు నేర్పరచుచున్నది. కణుపులు బేసిగా మూడో, ఐదో, ఏడో, తొమ్మిదో ఉండవలెను. లేతది పనికిరాదు, మిక్కిలి ముదిరినది పనికిరాదు, కాలినది, తొలి పోయినది పనికిరాదు. తోటి వెదుళ్లతో ఒరసికొని అరిగినదియు పనికిరాదట! దాయాదులతో ఒరపిడి పడిన వెదురు వింటికి చాలదనుటలో ఎంత లోకానుభవమున్నది! సింహగిరికి వాయవ్య దిక్కున పాడేరు, అరకు ప్రాంతముల మన్యములోని గిరిజనులకు ఈ గ్రంథములతో పనిలేదు. ఐనను వెదురు నెరిగి విల్లు వంచుట వారికి తరతరముల విద్య. పిల్లవానికి పిల్లవాని విల్లు, పెద్దవానికి పెద్దవాని విల్లు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారు అట్టి విలుకాండ్రే.

ఆ ధనుర్వేదమే మన ప్రశ్నకు సమాధానమును చెప్పినది. విల్లు విలుకాని భుజబలముకంటె కొంచెము తక్కువ బలము గలదిగా నుండవలెనట. విలుకాడు వింటిని మించవచ్చును గాని, విల్లు విలుకానిని మించరాదు. ఏలయన, వింటిచేత పీడింపబడువానికి గురి కానరాదు. లాగుటయందే ప్రాణమంతయు ఖర్చైనచో చూచుట కేమి మిగులును?

దీనిపై నొక ఆక్షేపము రావచ్చును. బలవంతునకు తక్కువ యిచ్చుట వాని బలమును అవమానించుట కాదా? కాదు. శాస్త్రము కొంచెము తక్కువ యన్నదేగాని చాల తక్కువ యనలేదు. బలమునకు చాలని పనిముట్టు బలమును సోమరిని చేయును, లేదా తానే విరిగిపోవును. మించిన పనిముట్టు మనిషినే విరుచును. ఇంగ్లండు దేశపు మేరీ రోజ్ అను యుద్ధనౌక 1545లో మునిగి, 1982లో పైకి తీయబడినది. అందు నూటికి మించి పెద్ద విండ్లు దొరకినవి. వానితోపాటు దొరకిన అస్థిపంజరములలో కొన్నిటి భుజాస్థులు, బాల్యమునుండి గట్టి విండ్లు లాగుటవలన మార్పు చెందినవని పరిశోధకులు తలచిరి. మనిషి వింటిని మలచినంతనే కాదు, విల్లును మనిషిని మలచును. నేటి క్రీడలలోనూ ఈ సూక్ష్మము మరువబడలేదు. కప్పీలు గల కాంపౌండు విల్లు ఎంత బలవంతుని దైనను 60 పౌండ్ల బిగువును మించరాదని పోటీల నియమము. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు అట్టి వింటితోనే విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణ పతకములు గెలిచెను. అచ్చట గెలిచినది బిగువు కాదు, గురి.

బలముపై అధికారమున్నవాని నడవడి యెట్లుండునో బాలకాండము చూపుచున్నది. ఎనిమిది చక్రముల పెట్టెలో నుంచి ఐదువేలమంది దృఢకాయులు లాగుకొనివచ్చిన శివధనుస్సు రాముని చేతిలో నడిమికి విరిగెను. పిదప పరశురాముడు వైష్ణవ ధనుస్సు నందించి, చేతనైన నెక్కుపెట్టుమనెను. రాముడెక్కుపెట్టి బాణము సంధించెను. ఎదుటనున్నవాడు కోపముతో వచ్చినవాడే. ఐనను బ్రాహ్మణుడు, పూజ్యుడు. ఆ బాణము వ్యర్థము కారాదు. ప్రాణము మీదికి విడువరాదు. రాముడు పరశురాముడు తపస్సుచే గడించిన లోకములపై దానిని విడిచెను. గర్వము పోయినది, ప్రాణము నిలిచినది. అంతకంటె గొప్ప సంగతి, వెంటనే ఆ వింటిని వరుణునకు అప్పగించెను. మహాభారతాంతమున అర్జునుడును గాండీవమును జలములలో వరుణునకే సమర్పించెను. గొప్ప విల్లు సొత్తు కాదు, ఎరువు. పని తీరినంతనే తిరిగి ఇచ్చివేయవలెను.

దీనికి ఎదురుగా నిలుచువాడు అశ్వత్థామ. కుమారుని చపలత్వ మెరిగియు ద్రోణుడు, అంతగా ఇష్టము లేకయే, అతనికి బ్రహ్మశిరోనామకాస్త్రము నుపదేశించి, ఆపదలోనైనను మనుష్యులపై ప్రయోగింపవద్దని చెప్పెను. అది చాలక అశ్వత్థామ ద్వారకకు పోయి శ్రీకృష్ణుని చక్రము నడిగెను. కృష్ణుడు కాదనలేదు, ఎత్తగలిగిన తీసికొమ్మనెను. ఎడమ చేత ఎత్తజూచెను, కదలలేదు. కుడి చేత ఎత్తజూచెను, కదలలేదు. ఎవరిపై ప్రయోగింప గోరితివని అడుగగా, నీతోనే యుద్ధము చేయుటకనెను! తుదకు తండ్రి యిచ్చిన అస్త్రమును ప్రయోగించి, ఉపసంహరింపలేక, ఉత్తర గర్భమున నున్న శిశువుపైకి మరల్చెను. అర్జునుడును అదే అస్త్రమును ప్రయోగించెను, కాని మరల తీసికొనగలిగెను. ఇద్దరికి నస్త్ర మొకటే, గురువొకడే. వెనుకకు తీసికొనగల నిగ్రహము మాత్రము ఒకనికే కలదు.

ధనుర్వేదము మిగుల్చుమన్న ఆ "కొంచెము" ఇదియే. లాగుటకు కావలసినదానికంటె మించి మిగిలిన బలమే గురిని చూచును, తగనిచో నారిని సడలించును. తన బలమంతటిని వింటికే ధారపోసినవాడు వింటికి దాసుడగును. ఇచ్చువాని కర్తవ్యమును ఇచ్చటనే తేటపడుచున్నది. చేయి సాచినవాని భుజమును మాత్రమే కొలిచి ఇచ్చిన చాలదు. వాడు సడలింపగలడా యని కూడ చూడవలెను. ద్రోణుడు హితవు చెప్పెను, కాని హితవు చెప్పవలసివచ్చినదనుటయే అర్హత చాలదనుటకు గుర్తు. పుత్రప్రేమచేత చేతికిచ్చిన విల్లు తరువాతి తరపు గర్భము మీదికి వచ్చినది. సంపదను, వాహనమును, అధికారమును బిడ్డల చేతికిచ్చు ప్రతి గృహస్థుడును ఈ కథ నొకసారి తలచుకొనవలెను.

సింహాచలము మెట్లెక్కి వచ్చు యాత్రికునకు ఈ ధర్మము మూర్తీభవించి దర్శనమిచ్చును. హిరణ్యకశిపుని సంహరించుటకు స్వామికి విల్లు కావలసివచ్చినది కాదు, గోళ్లే చాలినవి. ఆయన బలమునకు తగిన విల్లు చేయగల ధనుష్కారుడెవడు? అంతటి బలమును చందనము కప్పుకొని చల్లగా నిలిచియున్నది. నిజరూప దర్శనము ఏటికొక్కమారు, వైశాఖ శుద్ధ తదియ అక్షయతృతీయనాడు మాత్రమే. ఆనాటి రాత్రియు, పిదప వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములందును, విడతకు మూడు మణుగుల చొప్పున పండ్రెండు మణుగుల చందనము స్వామికి సమర్పింపబడును.

ఎల్లప్పుడు ఎక్కుపెట్టియుంచిన విల్లు సత్తువ కోల్పోవును. నారి సడలించి దాచిన విల్లే అవసరమునకు పలుకును. అనంతబలుడైన స్వామియే ఏడాది పొడవున ఉగ్రత్వమును చందనమున దాచియుండగా, పిడికెడు బలము గల మానవుడు దానిని నిరంతరము ఎక్కుపెట్టి తిరుగుట ఎంత అవివేకము! పొడవరియైనను, బలాఢ్యుడైనను, ధనవంతుడైనను, తన వ్రేలితో తన కొలత తీసికొని, కొంచెము తక్కువ విల్లు పుచ్చుకొని, ఆ మిగిలిన బలమును ప్రహ్లాదవరదుని పాదములకడ నుంచినవాడే నిజమైన విలుకాడు. అట్టివాని గురి తప్పదు.