సారథి వాటా

దొంగల ముఠాకు మూటలు మోసినవాడు, వాళ్లు పనిలో ఉండగా కాపలా కాసినవాడు, దెబ్బలు తగిలితే కట్టు కట్టినవాడు కూడా దొంగలతో సమానంగా దోషులేనని గాంధీ తన ఆత్మకథలో రాశారు. 1914లో లండన్‌లో బ్రిటిష్ సైన్యానికి సాయంగా భారతీయులతో అంబులెన్స్ దళం కూర్చినప్పుడు, అహింసావాది యుద్ధంలో ఎలా చేరతాడని మిత్రులు ఆయన్ని నిలదీశారు. ఆ సందర్భాన్ని తలుచుకుంటూ అన్న మాట అది. తాను తుపాకీ పట్టలేదు కదా అని తప్పుకోవడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు.

ఈ తర్కాన్ని తిరగేసి చూస్తే మరో ప్రశ్న వస్తుంది. ముఠాకు మూట మోసినవాడికి పాపంలో వాటా ఉంటే, ఐక్యరాజ్యసమితి శాంతిసేన లారీకి డీజిల్ పోయించినవాడికి ఆ లారీ వల్ల బతికిన ప్రాణంలో వాటా ఉందా? చేసినవాడికి, చేయించినవాడికి, ప్రేరేపించినవాడికి, సరే అన్నవాడికి ఫలం సమానమని మన పౌరాణికులు చెబుతూనే ఉంటారు. సరుకు చేర్చినవాడి సంగతి ఆ నలుగురిలో ఎక్కడా స్పష్టంగా లేదు.

ఇది ఊహకు మాత్రమే పనికొచ్చే ప్రశ్న కాదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో సర్వసభ్య సభ తీర్మానంతో పుట్టింది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. ఇందులో చేరేవారికి జీతం ఉండదు, బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. శాంతి పరిరక్షణ దళాలున్న దేశాలకు వీరిలో డాక్టర్లూ ఇంజినీర్లూ వెళ్తారు, ఎన్నికల పని తెలిసినవాళ్లూ వెళ్తారు. రవాణా విభాగంలో పనిచేసేవాళ్లూ ఉంటారు. బండ్ల మరమ్మతు, డ్రైవర్ల డ్యూటీలు, ఇంధనం లెక్క, విమానంలోకి ఎక్కే సరుకు తూకం వీళ్ల చేతిమీదుగా నడుస్తాయి. శాంతిసేన నీలి హెల్మెట్ల ఫొటోల్లో వీళ్లు దాదాపు కనిపించరు.

దక్షిణ సూడాన్‌నే తీసుకుందాం. 2011 జూలై 9న స్వతంత్రమైన ఈ దేశం విస్తీర్ణం ఆరు లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. రాజధాని జుబా నుంచి ఉగాండా సరిహద్దులోని నిములే దాకా 192 కిలోమీటర్ల తారు రోడ్డు 2012లో పూర్తయింది. అది దాటితే చాలాచోట్ల మట్టి బాటలే. ఆ మట్టి గుంటూరు, ఆదిలాబాద్ రైతులు రోజూ తొక్కే నల్లరేగడి కోవలోదే. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి ఇనుములా ఉంటుంది. వానలు పడ్డాయంటే టైర్లకు ముద్దలు ముద్దలుగా పట్టుకుంటుంది, లోడు లారీ ఇరుసు దాకా దిగబడుతుంది. అందుకని రోడ్డు మీద పోవాల్సిందంతా వానలకు ముందే పోవాలి. తర్వాత మిగిలేవి తెల్ల నైలు నది మీద బార్జీలు, ఆకాశంలో హెలికాప్టర్లు. హెలికాప్టర్ ఎక్కే ప్రతి పెట్టెనూ, ప్రతి మనిషినీ తూకం వేయాలి. బరువు మించితే ఏదో ఒకటి దింపక తప్పదు. మందుల పెట్టె ఉండాలా, నీటి పంపు విడిభాగాలు ఉండాలా? చేతిలో జాబితా పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషి ఆ మాట తేల్చాలి.

2013 డిసెంబర్ 15న జుబాలో పోరు మొదలైంది. ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చిన జనానికి ఐక్యరాజ్యసమితి స్థావరాలు గేట్లు తీశాయి. బెంటియు స్థావరంలో తలదాచుకున్నవారి సంఖ్య ఒక దశలో లక్ష దాటింది. 2014 వానలకు ఆ శిబిరం మునిగి, మోకాళ్ల లోతు నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడ్డారు. లక్షమందికి తాగునీళ్లు కావాలంటే పంపులు ఆడాలి, పంపులు ఆడాలంటే డీజిల్ ఉండాలి, ఆ డీజిల్ వానల్లో, పోరు మధ్యన అక్కడికి చేరాలి.

దీన్ని ఉడతాభక్తి అనడం సరికాదు. ఉడత ఇసుక విదల్చకపోయినా రాముడి వారధి నిలిచేది. డీజిల్ రాకపోతే పంపు నిలిచిపోతుంది.

మహాభారతం ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొంది. ఆయుధం పట్టనని మాట ఇచ్చి కురుక్షేత్రానికి వచ్చిన కృష్ణుడు అక్కడ చేపట్టిన పని రథం తోలడం. ద్రోణపర్వంలో సైంధవ వధ జరిగిన రోజు, యుద్ధం మధ్యలో గుర్రాలు దప్పికతో సొమ్మసిల్లుతాయి. అర్జునుడు బాణాలతో నేల చీల్చి మడుగు తెప్పిస్తే, కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు పీకి, చేతులతో ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి మళ్లీ కాడికి కడతాడు. చుట్టూ శత్రువులు. ఇంతటి శ్రద్ధను కవి అంత వివరంగా ఎందుకు చెప్పాడో పోరు నడిచే చోట బండ్లు నడిపేవారికి ఎవరూ విడమరచనక్కర్లేదు. అదే కృష్ణుడు గీత చివరి అధ్యాయంలో ఏ పనికైనా కారణాలు ఐదని చెబుతాడు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. నేనొక్కణ్ణే చేశాననుకునేవాడు సరిగా చూడలేదంటాడు. యుద్ధం ముగిశాక గాంధారి తన కోపం వెళ్లగక్కింది ఆయుధం పట్టని ఈ సారథి మీదే. ఆపగలిగీ ఆపలేదని శపించింది. ఆ శాపాన్ని ఆయన కాదనలేదు. గెలుపులో వాటా ఉన్నవాడికి శవాల గుట్టలోనూ వాటా ఉంటుందని ఇతిహాసం మొహమాటం లేకుండా చెప్పింది.

1994లో రువాండా మారణకాండ రోజుల్లో ఈ వాటా రెండు రకాలుగా కనబడింది. సెనెగల్ సైన్యానికి చెందిన కెప్టెన్ ఎంబాయే జాన్ అక్కడ ఆయుధం లేని ఐక్యరాజ్యసమితి పరిశీలకుడు. హత్యకు గురైన ప్రధాని అగాథె ఉవిలింగియిమానా పిల్లల్ని దాచి కాపాడాడు. తర్వాత తన బండిలో ఒక్కో విడతకు కొద్దిమంది చొప్పున ఎక్కించుకుని, కత్తులు పట్టుకున్న మూకలు కాసే చెక్‌పోస్టులు దాటించాడు. కాపలావాళ్లతో జోకులు వేసి, సిగరెట్లు పంచి దారి తీసుకునేవాడు. వందలాది మంది అలా బతికారు. మే 31న ఒక చెక్‌పోస్టు దగ్గర మోర్టార్ గుండు పడి ఆయన చనిపోయాడు. అదే రోజుల్లో శాంతిసేనకు అమెరికా 50 సాయుధ శకటాలు అద్దెకు ఇస్తానంది. అద్దె ఎంత, రవాణా ఖర్చు ఎవరిదన్న బేరాల్లో వారాలు గడిచిపోయాయి. అవి ఉగాండాలోని ఎంటెబ్బే దాకా వచ్చినా, రాజధాని కిగాలీలో పనికి దిగేలోపు మారణకాండ ముగిసిపోయింది. ఒక్క బండితో అంత పని జరిగినచోట, యాభై బండ్లు కాగితాల్లో చిక్కుకుపోవడాన్ని ఆఫీసు జాప్యమని సరిపెట్టుకోవడం అన్యాయం.

అహింసను వ్రతంగా పాటించేవారు ఇక్కడ అడ్డుతగులుతారు, తగలాలి కూడా. పిండి బస్తాలు మోసిన లారీయే తూటాల పెట్టెలూ మోస్తుంది. 1951లో తెలంగాణ నెత్తుటి రోజుల్లో వినోబా ఏ ఆయుధమూ లేకుండా పోచంపల్లికి నడిచి వచ్చారు, 1957లో నిరాయుధమైన శాంతిసేన పెట్టారు. ఆ దారి గొప్పది. కానీ జుబాలో కంచె అవతల తుపాకులున్న రాత్రి, కంచె ఇవతల ఉన్న తల్లికి సాయుధ పహారా కావాలి. ఆ పహారా ప్రతిసారీ కాపాడిందని అనలేం. 2016 ఫిబ్రవరిలో మలకాల్ శిబిరంలోకి సాయుధులు చొరబడి పాతికమందికి పైగా చంపారు. లారీ నడిపించడం ఈ సందిగ్ధంలోకి తెలిసి దిగడమే. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోనే గుమురుక్ దగ్గర ఒక కాన్వాయ్ మీద దాడి జరిగింది. కాపలాగా వెళ్లిన ఐదుగురు భారత సైనికులతో పాటు ఏడుగురు పౌరులు చనిపోయారు. ఆ పౌరుల్లో ఇద్దరు ఐక్యరాజ్యసమితి మిషన్ స్థానిక ఉద్యోగులు, ఐదుగురు కాంట్రాక్టు పనివాళ్లు.

ఇక హైతీ. 2010 అక్టోబర్‌లో మిర్‌బలే పట్టణం దగ్గరున్న శాంతిసేన శిబిరం నుంచి మురుగు ఏట్లో కలిసింది. దాదాపు నూరేళ్లుగా కలరా ఎరగని దేశంలో ఆ రోగంతో పదివేల మంది దాకా పోయారు. శిబిరంలో పైపుల అమరిక సరిగా లేదనీ, ట్యాంకరు తోడుకెళ్లిన మలం సమీపంలోని తెరిచి ఉన్న గోతిలో పోసేవారనీ ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల బృందమే 2011లో తేల్చింది. బాధితులు అమెరికా కోర్టుకు వెళ్తే, సంస్థకున్న చట్టపరమైన రక్షణ వల్ల కేసు కొట్టేశారు. తగినంత చేయలేకపోయామని అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పేసరికి 2016 డిసెంబర్ వచ్చింది. ఆ మలం తరలింపు కూడా రవాణా పనే. శాంతిసేన శిబిరంలోకి ఆహారం ఎలా వస్తుందో, వ్యర్థం బయటికి అలాగే ఎవరో ఒకరి బండిలో వెళ్తుంది. ఈ విభాగంలో చేరబోయే వాలంటీరు డీజిల్ లారీ ఏ ఊరికి బయల్దేరిందో అడిగినంత పట్టుదలగా, మురుగు ట్యాంకరు ఏ గోతిలో ఖాళీ అవుతోందో అడగాలి. ఆ ట్రిప్పు షీటు మీద సంతకం చేసేది తనే కావచ్చు.