జీతము ముగిసిన తరువాత

ధ్యాన భాగములు: యోహాను 10:11–13, 2 సమూయేలు 23:13–17



ఒకడు జీతము పుచ్చుకొని చేసిన పనికి, ఆ జీతము ముట్టిన తరువాత మనము ఇంకను ఏమైన ఋణపడి యుందుమా? ఈ ప్రశ్న మేము కల్పించినది కాదు. పాన్‌గల్ చుట్టుప్రక్కల మా సంఘములలో ఒకదానియందు, అగ్నిమాపక దళములో పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధుడొకడు కలడు. ప్రతి యేట తన తోటి వృద్ధులు కూడుకొను దినమున ఆయన బస్సెక్కి పట్టణమునకు పోవును. పోవుటకు ముందు ప్రార్థన చేయించుకొనుట ఆయన వాడుక. ఒక యేట ప్రార్థన ముగియగానే యౌవనస్థుడొకడు మమ్మును అడిగెను: "వాళ్ళు ఊరికె చేసిన్రా అయ్యగారూ? జీతం తీస్కున్నరు. ఇప్పుడు పింఛను తీస్కుంటున్నరు. మళ్ల ఏటేట ఈ యాది చేసుడేంది?"

అడిగినవాడు చెడ్డవాడు కాడు. ఆతడు తాపీ పనికి పోవువాడు. ఆతనికి పింఛను లేదు. ఆతడు కట్టిన గోడల మీద ఆతని పేరు ఎవరును వ్రాయరు. ఆ మాటలో కొంత బాధయు ఉన్నదని మేము గ్రహించితిమి. కావున తేలికగా త్రోసివేయక, ఆ మాటను వాక్యపు వెలుగులో ఆలోచింపగోరుచున్నాము.

ఏప్రిల్ 14వ తేదీన మన వాడలలో అంబేద్కర్ గారి జయంతి జరుపుకొందుము. అదే తేదీ మన దేశమంతట అగ్నిమాపక దినము. ఆ దినము మొదలుకొని 20వ తేదీ వరకు వారోత్సవములు జరుగును. ఎర్ర బండి బడుల యొద్దకు వచ్చుట, గ్యాసు సిలిండరు అంటుకొన్నచో తడి గోనెసంచితో ఎట్లు ఆర్పవలెనో ఆ సిబ్బంది చూపుట మీలో అనేకులు చూచియుందురు. అయితే ఆ తేదీయే ఎందుకని అడిగినయెడల చెప్పగలవారు కొద్దిమందియే.

దానికి సమాధానము బొంబాయిలో ఉన్నది. బొంబాయి మన పాలమూరువారికి పరాయి ఊరు కాదు. కరువు వచ్చినప్పుడెల్ల మనవారు పొట్ట చేతబట్టుకొని పోయినది అక్కడికే. కామాటిపుర అను పేటకు ఆ పేరు తెలంగాణ నుండి పోయిన కామాటి కూలీల వలననే వచ్చినది. 1944వ సంవత్సరము ఏప్రిల్ 14, శుక్రవారము. పునరుత్థాన పండుగ జరిగి ఐదు దినములైనది. యుద్ధకాలము. విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడ నిలిచియుండెను. అందులో సుమారు 1,400 టన్నుల మందుగుండు ఉండెను. దానితోపాటు వేల కొలది ప్రత్తి బేళ్ళు, నూనె పీపాలు, కలప, బంగారు కడ్డీలు ఉండెను. మందుగుండును ప్రత్తిని ఒకే కడుపులో నింపుకొని వచ్చిన ఓడ అది. ప్రత్తి పండించు మన రైతు తన గుడిసెలో దీపము చెంత ప్రత్తి కుప్ప పోయునా? యుద్ధము మనుష్యులకు ఆపాటి బుద్ధియు లేకుండ చేయును.

మధ్యాహ్నము సుమారు రెండు గంటలకు పొగ కనబడెను. అగ్నిమాపక దళము వచ్చి రెండు గంటలు నీళ్ళు పోసెను. ఓడను అక్కడనే ముంచవలెనా, సముద్రములోనికి లాగుకొని పోవలెనా అని పెద్దలు తేల్చుకొనలేకపోయిరి. అందరిపై అధికారము గలవాడు అక్కడ లేకపోయెను. పెద్దలు తేల్చుకొనలేనప్పుడు పైపు పట్టుకొన్న చిన్నవాడు ఏమి చేయును? నీళ్ళు పోయుచునే యుండును. నాలుగు గంటల ఆరు నిమిషములకు ఓడ ప్రేలెను. దాదాపు అరగంట గడచిన పిమ్మట మరియొకసారి ప్రేలెను. ఆ అదురు ఎంతో దూరముననున్న సిమ్లాలో భూకంపములను కొలుచు యంత్రములో పడినది. బంగారు కడ్డీలు ఎగిరి ఊరిమీద పడినవి. వందల కొలది జనులు చనిపోయిరి. వారిలో 66 మంది అగ్నిమాపకులు.

ఈ 66 మందియు తెలిసియే మరణమునకు ఎదురు నిలిచిరని మేము చెప్పము. మందుగుండున్న ఓడపై ఎగురవలసిన ఎర్ర జెండా ఆ ఓడపై ఎగురలేదు. రేవులోని అనేకులకు అందులో ఏమున్నదో తెలియదు. కొందరు తెలిసి నిలిచియుందురు, కొందరు తెలియక నిలిచియుందురు, కొందరు పైవాని ఆజ్ఞ విని కదలకయుందురు. చనిపోయినవారందరిని పరిశుద్ధులుగా చేయుట మన పని కాదు. అయినను ఒక సంగతి నిశ్చయము. ఆ ఓడ వారిది కాదు, ఆ ప్రత్తి వారిది కాదు, ఆ బంగారములో ఒక తులమైనను వారిది కాదు.

ఇక జీతము మాటకు వత్తము. మంచి కాపరిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానములో జీతగాడు తోడేలును చూచి గొఱ్ఱెలను విడిచి పారిపోవును. ఈ భాగము చదివి, జీతము తీసికొనువానికి ప్రేమ యుండదని కొందరు తలంచుదురు. అట్లు తలంచుట పొరపాటు. పనివాడు తన జీతమునకు పాత్రుడని చెప్పినదియు ఆ ప్రభువే (లూకా 10:7). కోత కోసినవారి కూలి బిగపట్టినవారిని యాకోబు ఎట్లు గద్దించెనో మీరెరుగుదురు. కాబట్టి జీతము పుచ్చుకొనుట లోపము కాదు. తోడేలు రాకమునుపు కాపరియు జీతగాడును ఒక్కతీరుగనే కనబడుదురు. ఇద్దరి చేతిలోను కఱ్ఱ యుండును, ఇద్దరును సాయంకాలము గొఱ్ఱెలను లెక్కపెట్టుకొందురు. తోడేలు వచ్చిన గడియలోనే ఎవడు ఎవడైనది తెలియును. జీతము పుచ్చుకొనువాడు పారిపోక నిలిచినయెడల, ఆ గడియలో వాడు జీతగాడు కాడు.

మన ప్రాంతమున ఈ జీతగాడు అను మాటకు ఇంకొక చరిత్ర కలదు. మీ తాతలలో ఎందరు దొర యింట జీతముండిరో మీకే తెలియును. పెండ్లికి తెచ్చిన అప్పుకు తండ్రి జీతముండెను, తండ్రి పోగా కొడుకు ఉండెను. పాము కరచినను, బావిలో మోట తెగి పడినను, "వానికి జీతమియ్యలేదా" అని దొర అడిగెడివాడు. ఏడాదికి కొన్ని కుంచముల జొన్నలిచ్చి మనుష్యుని ప్రాణమును సహా కొనితినని ఆయన తలంపు. వెట్టిచాకిరిని నిర్మూలించు చట్టము 1976లో వచ్చినది. చట్టము వచ్చినది గాని, ఆ మాట మాత్రము మన నోట ఇంకను తిరుగుచున్నది. నాడు మన తాతలను గూర్చి దొర పలికిన మాటనే నేడు మనము మంటలోనికి పోయినవానిని గూర్చి పలుకుచున్నాము. జీతము మనుష్యుని దినమును కొనును, చెమటను కొనును. ప్రాణమునకు అది ధర కాదు. ధర కానిదానిని చెల్లించి, లెక్క ముగిసినదని చెప్పుట న్యాయమా?

జీతమే వారిని మంటలోనికి పంపుచున్నదని ఇంకను ఎవరైన అందురేమో. ఆస్ట్రేలియా దేశములో అడవి మంటలను ఆర్పువారిలో ఎక్కువమంది జీతము లేనివారు. పగలు తమ పనులు చేసికొని, పిలుపు వచ్చినప్పుడు పోవుదురు. 1998 డిసెంబరు 2న విక్టోరియా రాష్ట్రమున లింటన్ అను చోట గాలి తిరుగగా, అట్టి స్వచ్ఛంద సేవకులు ఐదుగురు తమ బండితో సహా మంటలలో చిక్కుకొని చనిపోయిరి. ప్రపంచమంతట మే 4వ తేదీన అగ్నిమాపకుల దినము జరుపుట ఆ మరణముల తరువాతనే మొదలైనది. బొంబాయివానికి జీతము ఉండెను, లింటన్‌వానికి లేదు. మంట ఇద్దరిని ఒక్కతీరుగనే కాల్చెను.

మా వృద్ధ సహోదరుని ఒకసారి అడిగితిమి, "పెద్దయ్యా, అక్కడ మీరు ఏమి చేయుదురు?" అని. ఆయన నవ్వెను. పింఛను బకాయిలు, ఆస్పత్రి బిల్లులు, మోకాళ్ళ నొప్పులు, మనుమరాళ్ళ పెండ్లిండ్లు, ఇవియే సగము మాటలట. చెవులు సరిగా వినబడనివారు ఎక్కువగుట చేత అందరును గట్టిగా అరచుకొందురట. భోజనమునకు ముందు లేచి నిలిచి, ఆ యేట పోయినవారి పేర్లు హాజరు పిలిచినట్లు పిలుతురట. తరువాత ఆయన చెప్పిన మాట మేము మరువలేదు: "మంటల సచ్చినోని పేరు రాయి మీద ఉంటది అయ్యగారూ. పొగ మింగి పదేండ్లకు మంచంల సచ్చినోని పేరు యాడుంటది? మా నోట్లనే ఉంటది."

ఇది ముసలివాని చాదస్తము కాదు. ఆయన కాలమున చాలసార్లు తడి గుడ్డ ముక్కుకు కట్టుకొని పొగలోనికి దూరెడివారట. 2022వ సంవత్సరమున, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ అగ్నిమాపకుల పనిని మనుష్యులకు క్యాన్సరు కలుగజేయువాటి జాబితాలో చేర్చెను. పొగాకు పొగ ఉన్న వర్గములోనే దానిని ఉంచెను. కాలుచున్న ఇంటిలో నేడు కఱ్ఱయు గడ్డియు మాత్రమే కాలుటలేదు. ప్లాస్టిక్కు, రబ్బరు, రంగులు, పరుపుల దూది అన్నియు కాలును. ఆ మసి చర్మమునకు, వస్త్రములకు అంటి ఇంటికి సహా వచ్చును. దాని ఫలము ఇరువది ముప్పది యేండ్లకు కనబడవచ్చును. అప్పటికి వాడు విశ్రాంతి పొందియుండును, బట్టలు అప్పగించి యుండును, దళపు పట్టీలో వాని పేరు కొట్టివేయబడి యుండును. జీతము ఆగిపోవును గాని ఊపిరితిత్తిలోని పొగ విశ్రాంతి తీసికొనదు. తాపీ పనివాడైన మా యౌవనస్థునికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆతడు కొంత సేపు ఊరకుండి, సిమెంటు దుమ్మును గూర్చి మమ్మును అడిగెను. ఆతని ప్రశ్నయు న్యాయమైనదే. రాతి దుమ్ము మింగినవారిని, సున్నపు బట్టీలలో పనిచేసినవారిని పేరు పెట్టి పిలుచు కూడిక మనలో ఒకటైనను లేదు. దానికి అగ్నిమాపకుల కూడికను తప్పుపట్టుట కంటె, వారిని చూచి మనమును నేర్చుకొనుట మేలు.

దావీదు అదుల్లాము గుహలో ఉన్నప్పుడు జరిగిన సంగతి మీకు తెలిసినదే. కోతకాలము, ఎండ. బేత్లెహేము ద్వారము చెంతనున్న బావి నీళ్ళు త్రాగవలెనని ఆయనకు ఆశ పుట్టెను. ఆయన ఆజ్ఞాపింపలేదు, ఆశను పైకి పలికెను, అంతే. బలాఢ్యులు ముగ్గురు ఫిలిష్తీయుల దండు నడుమ చొరబడి ఆ నీళ్ళు తెచ్చిరి. దావీదు వాటిని త్రాగక యెహోవా సన్నిధిని పారబోసెను. ప్రాణమునకు తెగించిన మనుష్యుల రక్తముతో సమానముగా ఆయన ఆ నీళ్ళను ఎంచెను.

ఈ భాగము బోధించినప్పుడెల్ల మా స్త్రీలలో ఎవరో ఒకరు, "అంత కష్టపడి తెస్తే పారబోసుడేంది" అని అడుగుదురు. చేతిపంపు యొద్ద వరుసలో నిలిచినవారికి ఆ ప్రశ్న తప్పక పుట్టును. మేము ఎరిగినంతవరకు, త్రాగినయెడల లెక్క సరిపోయినట్లగును. దప్పి తీరెను, పని ముగిసెను. పారబోయుట వలన ఆ నీళ్ళు వెల కట్టరానివని దావీదు ఒప్పుకొనెను. ఆ వృద్ధుల కూడికను గూర్చియు మాకు అట్లే తోచుచున్నది. దాని వలన ఎవని దప్పియు తీరదు, ఒక్క మంటయు ఆరదు. అయినను అది వ్యర్థమని మేము చెప్పజాలము.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కు పట్టణమున రెండు గొప్ప కట్టడములు కూలినప్పుడు అక్కడి దళములో 343 మంది చనిపోయిరి. వారిలో కొందరి తండ్రులు అదే దళములో పనిచేసి విశ్రాంతి పొందినవారు. జీతము లేదు, పిలుపు లేదు, ఆజ్ఞ లేదు. వారు తిరిగి వచ్చి, తమ కుమారుల కొరకును ఇతరుల కుమారుల కొరకును నెలల తరబడి ఆ రాళ్ళలో వెదకిరి. తన కుమారుని దేహము దొరికిన తండ్రియు ఇంటికి పోక, దొరకనివారి కొరకు అక్కడనే పనిచేసెను. 2002 మే నెలాఖరు వరకు ఆ వెదకుట సాగెను.

మన ఊళ్ళ సంగతి ఒకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా గ్రామములలో ఒకదానియందు ఎండకాలపు మిట్టమధ్యాహ్నము గడ్డివాము అంటుకొన్నది. ఎవరో పొలములో వరి కొయ్యకాళ్ళకు పెట్టిన నిప్పు గాలికి వచ్చినదందురు. ఫైరింజను వచ్చెను గాని వాడలోనికి రాలేకపోయెను. ఒక ట్రాక్టరు ట్రాలీ గల్లీకి అడ్డముగా ఉండెను. దాని ప్రక్కనే ఇంకొక వాము గోడకు ఆనించి వేయబడియుండెను. సిబ్బంది పైపులను భుజములపై వేసికొని పరుగెత్తిరి. మన జనులు, మన సంఘపువారు సహా, వారిని తిట్టిరి. జీతము మాట అప్పుడును వచ్చెను. రెండు ఎడ్లు చచ్చెను. గుడిసెలు నిలిచినవి. సిబ్బందిలో ఒకని చేయి కాలినది. వానికి మంచినీళ్ళిచ్చిన ముసలమ్మ తప్ప ఆ దినమున వాని ముఖమువైపు చూచినవారు లేరు.

ఈ యేట కోతలు కాకమునుపే సంఘ పెద్దలు వాడలో తిరిగి, దారి విడిచి ఇండ్లకు దూరముగా వాములు వేసికొనుడని అడిగిరి. నలుగురు ఒప్పుకొనిరి. ఇద్దరు తమకు వేరే స్థలము లేదనిరి, అది నిజమే. ఊరి వెలుపల సంఘమునకున్న జాగాలో ఒక మూల వారికి ఇయ్యవచ్చునా అని వచ్చే కమిటీ కూటములో మాటలాడవలసియున్నది.