తాబేలు కొరకు మేకను చంపవచ్చునా?

ఒక ప్రాణిని కాపాడుటకై వేరొక ప్రాణిని చంపుట న్యాయమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట సులభమని మనకు తోచవచ్చును. గలపగోస్ దీవులలో జరిగిన సంగతిని ఆలోచించినయెడల, అది అంత సులభము కాదని తెలిసికొందుము.

ఈ దీవులు దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశమునకు పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రములో నున్నవి. 1535లో పనామా బిషప్పుగారైన తోమాస్ దె బెర్లాంగా పెరూకు పోవుచుండగా, గాలి నిలిచిపోయి, ఆయన ఓడ ప్రవాహమునకు కొట్టుకొనిపోయి అక్కడికి చేరెను. మనుష్యుని వీపుమీద మోయగల తాబేళ్లను గూర్చియు, మనుష్యుని చూచి పారిపోవుట యెరుగని పక్షులను గూర్చియు ఆయన రాజుగారికి వ్రాసెను. తరువాతి నావికులకు ఆ తాబేళ్లు మాంసముగానే కనబడెను. అవి తిండియు నీరును లేక నెలల తరబడి బ్రతుకును గనుక, వాటిని ఓడ అడుగున దొంతరలుగా పేర్చి తీసికొనిపోయిరి. ఈలాగున లక్షకు పైగా పోయినవని అంచనా.

1959లో ప్రభుత్వమువారు ఆ దీవులను జాతీయ ఉద్యానవనముగా చేసిరి. అదే సంవత్సరమున పింటా అను దీవిలో జాలరులు మాంసము కొరకని మూడు మేకలను విడిచిరి. 1970ల నాటికి ఆ మూడు సుమారు 40,000 అయ్యెను! మేకలను పెంచు మనకు ఇది ఆశ్చర్యము కాదు. మేక ఆకును తినును, చిగురును తినును, మొక్క మొదలును కూడ కొరుకును. తాబేలు మెడ చాచి అందుకొనుటకు అక్కడ ఏమియు మిగులలేదు. పింటా తాబేళ్లలో కడపటిదిగా 1971లో ఒక్క మగది కనబడెను. దానికి జార్జి అని పేరుపెట్టి నలువది ఏండ్లు సంరక్షించిరి. 2012లో అది చనిపోగా ఆ జాతియే అంతరించెను.

ఇతర దీవులకును ఇదే గతి పట్టకుండునట్లు, 1997 మొదలు 2006 వరకు ఇసబెలా, శాంటియాగో దీవులలో హెలికాప్టర్లనుండియు నేలమీదను తుపాకులు పేల్చి 1,40,000కు మించిన మేకలను చంపిరి. దాగియున్న వాటిని కనుగొనుటకు ఒక మేక మెడకు రేడియో యంత్రము కట్టి విడిచెడివారు. మేక ఒంటరిగా నుండజాలదు. అది తనవారిని వెదకికొని పోవును, వేటగాండ్లు దాని వెంబడి పోవుదురు. అట్టి మేకకు ఇస్కరియోతు యూదా పేరే పెట్టిరి. మాంసము చాలవరకు అక్కడనే విడువబడెను. ఒక మేకను అమ్మి బిడ్డకు పుస్తకములు కొనువారు మనలో కలరు. వారి మనస్సు ఈ మాట విని నొచ్చుకొనదా?

నొచ్చుకొనవలసినదే. మేక చేసిన పాపమేమి? దానిని అక్కడ దింపినది మనుష్యుడు. ఆ యూదా వెండినాణెములకు ఆశపడెను. ఈ మేక తోడు కొరకే పోయెను. తప్పు ఒకరిది, శిక్ష మరియొకరిది. అయినను చేతులు ముడుచుకొని కూర్చుండుట నిర్దోషత్వమగునా? అప్పుడు తాబేలు ఆకలితో చచ్చును, అదియు నిర్దోషియే. మేకలు తక్కిన చోట్ల కోట్లకొలది కలవు, ఆ తాబేలుకు ఆ దీవి తప్ప వేరు చోటు లేదు. కాబట్టి ఆ పని చేయక తప్పలేదని మేము ఎంచుచున్నాము. అయితే తప్పనిసరియైన పని వేరు, సంతోషింపదగిన పని వేరు. దానిని దుఃఖముతో చేయవలెనే గాని విజయమని చెప్పుకొనరాదు.

ఫలము లేకపోలేదు. ఎస్పానోలా దీవిలో 14 తాబేళ్లు మాత్రమే మిగిలియుండగా, వాటిని తెచ్చి పెంచి, పిల్లలను తిరిగి విడిచిరి, మేకలనును తొలగించిరి. 2020 నాటికి అవి రెండువేలకు మించెను.

నేడు ఆ వనమును చూడబోవువారు మార్గదర్శి లేకుండ నడువరాదు. గుర్తువేసిన దారిని విడువరాదు. జంతువులకు రెండు మీటర్ల దూరమున నుండవలెను, వాటికి తిండి పెట్టరాదు. విత్తనములు చేరకుండ వారి సంచులను సోదా చేయుదురు. ఇంత కట్టడి యెందుకని కొందరు విసుగుకొందురు. మూడు మేకల సంగతి తెలిసినవాడు విసుగుకొనడు. మంచి మేత మేసి మిగిలినదానిని కాళ్లతో త్రొక్కు గొఱ్ఱెలను గూర్చి యెహెజ్కేలు 34వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. ఆదికాండము 2:15 ప్రకారము తోట మనకు అప్పగింపబడినది, సేద్యము చేయుటకును కాచుటకును.

ప్రియులారా, మనలో పెక్కుమంది ఆ దీవులను చూడబోము. అయినను మన కాలువలను, కొల్లేటిని క్రమ్మిన గుర్రపుడెక్క కూడ దక్షిణ అమెరికానుండి అందమైన పువ్వు కొరకని తేబడినదే. దానిని పీకివేయుటకు మన చేతులు ఎంత నొచ్చుచున్నవో యెరుగుదుము. కావున క్రొత్తదానిని చెరువులో వేయకమునుపు, చేపను గాని మొక్కను గాని విడువకమునుపు, దాని ఫలమును ఎవరు అనుభవింతురో ఒక్క నిమిషము ఆలోచింతము. ఆ నిమిషము ఆగినయెడల, వెనుక ఏ నిర్దోషియైన ప్రాణిని చంపవలసిన పని మన పిల్లలకు రాకపోవచ్చును.